ధర్మకాంటా మీద ఆరు పడవలు

మెదక్ జిల్లాలో పడవలను ధర్మకాంటా ఎక్కించి, కిలోల లెక్కన వెల కట్టిన మొనగాడు నాకు ముందు లేడు, నా తర్వాతా పుట్టలేదు. ఆ ఘనత పూర్తిగా నాది, ఇంకెవరికీ అందులో వాటా లేదు. లారీలు తూచే కాంటా మీదికి ఆరు ఫైబర్ పడవలు ఎక్కించాను. బరువు చీటీ జేబులో పెట్టుకున్నాను. భోజనం వేళకు ఇంట్లో ఉన్నాను. రిపోర్టు ఒక్క పేజీ. "గింత జల్దీ పని చేసేటోన్ని సూడలే సారూ" అని కోర్టు గుమాస్తా మెచ్చుకున్నాడు. ఆ మెప్పును తలపాగాలాగా చుట్టుకుని సంగారెడ్డి బజారులో తిరిగాను. వాయిదా రోజు దాకానే లెండి.

వస్తువులకు, యంత్రాలకు ధర కట్టే పనిలోకి ఇప్పుడు కొత్త పిల్లలు వస్తున్నారు. పరీక్షలు రాసి, చట్టం చదువుకుని, కంప్యూటర్ పట్టుకుని వస్తున్నారు, సంతోషం. నాకు ఎప్పుడు ఏ ప్యానెల్‌లో చోటు దొరికిందో, ఏ బ్యాంకు శాలువా కప్పిందో మీకు అక్కర్లేదు. ఆ పడవల సంగతి మాత్రం పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

ఇనుము కొట్టు చదువు

మా నాయనది సంగారెడ్డిలో పాత ఇనుము కొట్టు. విరిగిన నాగలి కర్రు వచ్చినా, ఆగిపోయిన ఇంజను వచ్చినా, పెళ్లిలో ఇచ్చిన బీరువా తలుపు వచ్చినా మొదట తక్కెడలో పడాల్సిందే. "పేరేదైతే ఏంది, ఆఖరుకు ఇనుమే గదా" అనేవాడు. బేరం మా ఇంట్లో వంటింటి దాకా ఉండేది. మా అమ్మ అన్నం మొదట తక్కువ వడ్డించి, అడిగితే పెంచేది. మేం కూడా ఆకలి ఉన్నదానికన్నా ఎక్కువే అడిగేవాళ్లం. ఇద్దరికీ మర్యాద దక్కేది.

డిప్లొమా చేసి పటాన్‌చెరులో ఒక మెషిన్ షాపులో కొన్నేళ్లు పనిచేశాను. తర్వాత ఖాద్రీ సాబ్ దగ్గర చేరాను. ఆయన మల్లేపల్లిలో ఉండే పాత ఇంజినీరు, హైదరాబాదులో పేరున్న వాల్యూవర్. మూతపడ్డ ఫ్యాక్టరీల్లో లేతులు, బాయిలర్లు, మోటార్లు చూసి ధర కట్టడం ఆయన వెంట తిరిగే నేర్చుకున్నాను. ఆ రోజుల్లో పారిశ్రామికవాడలో ఒక షెడ్డు తెరుచుకుంటే పక్క షెడ్డుకు సీలు పడేది. మాకు రెండు చోట్లా పనే. ఇనుప సరుకులో నా అంచనా పెద్దగా తప్పేది కాదు. యంత్రం నడవకపోతే తుక్కు ధర ఎలాగూ ఉంటుంది. అది కింద నేల లాంటిది, అంతకన్నా కిందికి పడదు. ఆ నేల మీద నిలబడి పైకి లెక్క కట్టడం నా పద్ధతి.

ఖాద్రీ సాబ్ పెద్దవాడై పనులు తగ్గించుకున్నాక నేను సొంతంగా బోర్డు పెట్టాను. సంగారెడ్డి కోర్టు నుంచి, తగాదాలో ఉన్న సరుకు చూసి రిపోర్టు ఇచ్చే కమిషన్ పనులు అప్పుడప్పుడు వచ్చేవి. తొంభైల మొదట్లో, ఎండలు మొదలైన రోజుల్లో, ఈ పడవల పని వచ్చింది.

ఆపుకునే హక్కు, అమ్ముకునే హక్కు

కథకు ముందు కొంచెం చట్టం చెప్పాలి. కొంచెమే.

బ్యాంకులో కుదువ పెట్టిన సరుకు ఒక రకం. బాకీ తీరకపోతే, తగిన గడువుతో నోటీసు ఇచ్చి బ్యాంకు దాన్ని అమ్ముకోవచ్చు. మరమ్మతుకు ఇచ్చిన సరుకు వేరే రకం. బాగుచేసినవాడు తన కూలి వచ్చేదాకా దాన్ని ఇవ్వకుండా ఆపుకోవచ్చు. దీన్నే కోర్టుల్లో లీన్ అంటారు. అయితే ఆపుకునే హక్కు ఉంది కదా అని అమ్ముకునే హక్కు రాదు. అమ్మాలంటే కోర్టుకు పోవాల్సిందే. పటాన్‌చెరు షెడ్లలో చాలామంది ఈ తేడా తెలియక, గడువు దాటిన సరుకు అమ్మేసి ఎదురు కేసులు మోశారు.

సూర్యారావుగారు ఆ పొరపాటు చేయలేదు. ఆయనది కాకినాడ వైపు. ఇక్కడి ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ఉద్యోగానికని వచ్చి, కొన్నేళ్లకు అది మానేసి, పటాన్‌చెరులో ఫైబర్ షెడ్డు పెట్టుకున్నాడు. నీళ్ల ట్యాంకులు, కూలర్ డబ్బాలు చేసేవాడు. పడవల పని తెలిసిన మనిషి కూడా. మంజీర నది మీది సింగూరు జలాశయం ఒడ్డున ఉన్న ఒక ఊరి మత్స్యకారుల సంఘానికి ఆరు ఫైబర్ పడవలుండేవి. ఒక గాలివానకు అవి ఒడ్డు రాళ్లకు కొట్టుకుని పగిలాయి. మరమ్మతుకని ఆయన షెడ్డుకు పంపారు. పడవకు నాలుగు వేలు, మొత్తం ఇరవై నాలుగు వేలని మాట. నాలుగు వేలు బయానా ఇచ్చారు. ఆ తర్వాత చేపలు సరిగా పడలేదు, డబ్బు రాలేదు. సూర్యారావుగారు పడవలు ఆపుకున్నాడు. నెలలు గడిచాయి. షెడ్డు కిరాయి కింద ఆరు వేలు కలిపి, బయానా పోను ఇరవై ఆరు వేలు రావాలని దావా వేశాడు. ఎండకు పాడయ్యే సరుకు కాబట్టి దావా తేలే లోపే అమ్మించమని ఇంకో దరఖాస్తు పెట్టాడు. అమ్మే ముందు ధర తెలియాలి. అందుకని కోర్టు నన్ను పంపింది.

నేను చూసిన విధానం

షెడ్డు వెనుక పడవలు రెండు దొంతరలుగా ఉన్నాయి. కూర్చునే అడ్డపలకలు తీసి, స్టీలు గిన్నెల్లాగా ఒకదాంట్లో ఒకటి, మూడేసి పెట్టారు. నేను పైన ఉన్న రెండింటిని తట్టి చూశాను. గట్టిగానే ఉన్నాయి. కిందివి దించమని అడగలేదు. ఎండ మండుతోంది. దించాలంటే ఆరుగురు కూలీలు కావాలి.

"ఏవండీ, తిరగేసి చూడరా?" అన్నాడు సూర్యారావుగారు.

"ముందు బరువు తెలవాలె" అన్నాను.

"పడవకి బరువేంటండీ? మా వైపు పడవని నీళ్లలో దింపి చూస్తారు."

"గీడ నీళ్లేడున్నయ్ సూర్యారావుగారూ?"

ఆ జవాబుకు నేనే మురిసిపోయాను.

షెడ్డులో ఉన్న చైన్‌పుల్లీతో దొంతరలు దొంతరలుగానే లారీ మీదికి ఎక్కించి, హైవే పక్కన ధర్మకాంటాకు తీసుకుపోయాం. కాంటా దగ్గర కుర్చీలో ఉన్నాయన చీటీ మీద పెన్ను పెట్టి, "ఏం లోడు రాయాలె?" అని అడిగాడు.

"పడవలు."

ఆయన పెన్ను పక్కన పెట్టి రోడ్డు వైపు రెండు దిక్కులా చూశాడు. "మంజీర గీడిదాంక వస్తున్నదా ఏంది? నాకెవ్వరు జెప్పలే."

డ్రైవరు నవ్వాడు. నేనూ నవ్వాను. చీటీ తీసుకున్నాను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఫైబరుకు తుక్కు ధర లేదు. కరగదు, కాలిస్తే కంపు, ఏ కొట్టువాడూ కొనడు. నేను నిలబడే నేల అక్కడ లేదు. అది తెలిసిన మరుక్షణం ఆగాల్సింది. ఆగకుండా పడవకున్న ఇనుప కడియాలు, బోల్టులు, అడ్డపలకల కర్ర ఎంత బరువుంటాయో ఊహించి, పడవకు నాలుగు వందల యాభై కట్టాను. ఆరింటికి రెండు వేల ఏడు వందలు. పటాన్‌చెరులో పడవ కొనేవాడు ఎవడూ లేడు కాబట్టి ఇదే మార్కెట్టు ధర అని కింద ఒక వాక్యం కూడా తగిలించాను. ఆ వాక్యం మీద నాకు చాలా గర్వం ఉండేది.

ఇద్దరినీ కలిపిన ఘనత

వాయిదా రోజు సంఘం తరఫున నర్సమ్మ వచ్చింది. సంఘానికి అధ్యక్షుడు ఆమె మరిది. కానీ చేపలు బజారుకు తెచ్చి అమ్మి, డబ్బు లెక్క చూసేది ఆమె. అందుకని బాకీలు, తగాదాలు ఆమెకే వదిలేశారు. వరండాలో నన్ను చూసి, "ఏం సేటూ, మా పడవలు తూసినవంట. కిలో ఎంత పెట్టినవ్? ఆలుగడ్డల ధరన్న వచ్చిందా?" అంది. పక్కనున్న వకీళ్లు నవ్వారు.

లోపల జడ్జిగారు నా రిపోర్టు చదివి రెండు వైపులా అడిగారు. సూర్యారావుగారి వకీలు లేచి ఈ ధర ఒప్పుకోమన్నాడు. సంఘం వకీలు లేచి తామూ ఒప్పుకోమన్నాడు. ఆ దావాలో రెండు పక్షాలూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి. ఆ ఐకమత్యం నా పుణ్యమే.

నర్సమ్మ మాత్రం వకీలును పక్కకు జరిపి ముందుకు వచ్చింది. "దొరా, గా ధరకు మాకే ఇప్పియ్యుండ్రి. రేపే పైసలు గడ్తం."

జడ్జిగారు కళ్లద్దాలు తీశారు. "అమ్మా, రెండు వేల ఏడు వందలకు పడవలు మీకే వచ్చాయనుకో. ఆయన అడుగుతున్నది ఇరవై ఆరు వేలు. మిగతా ఇరవై మూడు వేల మూడు వందలు ఎవరు కడతారు?"

"పడవలు అమ్మినంక ఇగ బాకీ ఏడుంటది?"

"ఉంటుందమ్మా. ఆయనకు రావాల్సింది ఎంత తేలితే అంతా మీరివ్వాలి. పడవలకు ఎంత తక్కువ వస్తే అంత బరువు మీ సంఘం మీదే పడుతుంది. ఎక్కువ వస్తే, ఆ ఎక్కువ మీకే తిరిగి వస్తుంది."

ఆమె నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "అంటే నువ్వు పడవలకు ధర గట్టలే సేటూ. మా మీద అప్పు గట్టినవ్."

నా చేతిలో బరువు చీటీ ఉంది. దాన్ని చూపించాలనే బుద్ధి పుట్టనందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

హాలు వెనుక బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీలకు యాసిడ్ తొట్లు సరఫరా చేసే దళారీ. ఫైబరును యాసిడ్ తినదు కాబట్టి పడవల రెండు కొసలూ కోసి, పలకలు అతికి మూసి, తొట్లుగా మార్చాలని ఆయన ఎత్తు. నాలుగు వందల యాభై మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. కొత్తవాళ్లకు నేను చెప్పే గుర్తు ఇదే: తగాదా పడుతున్న ఇద్దరూ ఏడుస్తూ, సంబంధం లేని మూడోవాడు నవ్వుతుంటే, మీ ధర తప్పు.

జడ్జిగారు రిపోర్టు నాకే తిరిగిచ్చారు. "ఎండాకాలం సెలవులకు ముందు ఆఖరి వారంలో మళ్లీ ఇవ్వండి. లారీ ఖర్చు, కాంటా ఖర్చు ఎవరి మీదా వేయను."

బయట నర్సమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఆ సెలవుల మాట ఆమెను ఎక్కువ కుదిపింది. కోర్టు మూసేలోపు ఏదీ తేలకపోతే పడవలు మృగశిర కార్తె దాటేదాకా షెడ్డులోనే ఉంటాయి. మృగశిర నాడు మా వైపు చేప తినని ఇల్లు తక్కువ. ఆ ఒకటి రెండు రోజుల అమ్మకం చేపలవాళ్లకు మూడు నెలల తిండి. "గప్పుడు పడవ లేకుంటే ఇగ మావోళ్లు వలలు అటకెక్కించి ఫ్యాక్టరీల కూలికి పోవుడే. పోయినోడు మల్ల నీళ్లకు రాడు సేటూ" అంది. నన్ను తిట్టడానికి అన్న మాట కాదది. అందుకే ఎక్కువ తగిలింది.

ఖాద్రీ సాబ్ చాయ్

మర్నాడు మల్లేపల్లి పోయాను. ఖాద్రీ సాబ్ ఎప్పుడూ తిట్టేవాడు కాదు. చాయ్ ఇప్పించి, మన రిపోర్టును మన ముందే పైకి చదివేవాడు. తిట్టు అంతకన్నా నయం. "పటాన్‌చెరులో పడవ కొనేవాడు ఎవడూ లేడు" అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"కాంటా సహీ ఉంది మియా. నువ్వు నిలబడ్డ జాగ గలత్. ఒంటెను సముద్రం ఒడ్డున నిలబెట్టి, కొనేటోడు లేడంటవా?"

"ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట అని గదా సాబ్ రూలు?"

"ఉన్నచోట అంటే, కొన్నోడు ఆడికి వచ్చి ఎత్తుకపోవాలె అని. లారీ కిరాయి ఆనిది. అంతే. అది పనికొచ్చే చోటు ధర తీసుకో, కిరాయి కొట్టెయ్, మిగిలింది రాయి." చాయ్ ఒక గుక్క తాగి మళ్లీ అన్నాడు. "ఇంకో సవాల్ అడుగుత. ఆరు పడవలూ అమ్మే హక్కు ఉందా ఆనికి?"

"అది కోర్టు జూస్కుంటది సాబ్."

"కోర్టు నీ కళ్లతోని చూస్తది. నువ్వు చూసినవా?"

నేను చాయ్ కప్పు వైపు చూశాను.

ఈయన దగ్గర పదేళ్లు నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ మధ్యాహ్నం ఒక ఎత్తు. వాల్యూవరు చట్టం తేల్చకూడదు. కానీ చట్టం తేలాలంటే ఏం కనపడాలో తెలుసుకుని, అది చూసి, ఉన్నదున్నట్టు రాయాలి. నేను అందులో సగం కూడా చేయలేదు.

ఒడ్డు మీద బేరం

సింగూరు బస్సెక్కాను. ఇక్కడ మాత్రం మా కొట్టు చదువు పనికొచ్చింది. ధర తెలుసుకోవాలంటే ధర ఎంత అని అడగకూడదు. ఒకసారి కొనేవాడిగా బేరమాడాలి, ఒకసారి అమ్మేవాడిగా ఆడాలి. వాళ్లు దిగే అంచు, వాళ్లు ఎక్కే అంచు రెండూ తెలుస్తాయి. ధర ఆ రెండింటి నడుమ ఉంటుంది.

నర్సమ్మ వాళ్ల ఊరికి కాకుండా పక్క ఊరి ఒడ్డుకు పోయాను. ఒకాయన పడవ కడుగుతున్నాడు. అమ్ముతావా అంటే పదకొండు వేలన్నాడు. నేను ఏడు దగ్గర మొదలుపెట్టాను. గంటసేపు పడవకు వంకలు పెట్టాను, నీడ లేదన్నాను, రంగు పోయిందన్నాను. తొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయాడు.

"కొంటవా, మాట్లాడనీకి వచ్చినవా? గంట సంది నా పడవను తిట్టవట్టినవ్. నా పెండ్లాం గూడ గిన్ని తిట్టలే" అన్నాడు.

ఇంకో రేవులో, మరమ్మతు చేసిన పడవలు నా దగ్గర ఉన్నాయి, కొంటారా అని అడిగాను. ఒడ్డుకు తెచ్చి ఇస్తే తొమ్మిది నుంచి పది దాకా పలికారు. పగిలిన పడవైతే ఐదు వేలు, అంతకు పైసా ఎక్కువ కాదన్నారు. పడవలకు పుట్టెడు గిరాకీ. పటాన్‌చెరులో నేను కాలుతో తన్నినా కదలని సరుకు, అరవై డెబ్బై కిలోమీటర్ల అవతల తక్కెడ ఎక్కకుండానే వేలు పలుకుతోంది.

తర్వాత షెడ్డుకు పోయాను. ఈసారి నర్సమ్మను, ఆమె మరిదిని, సూర్యారావుగారిని ఒకే చోట నిలబెట్టి, షెడ్డు కూలీలను పిలిచి, దొంతరలు విప్పించి ఒక్కొక్క పడవా బోర్లించాను. కుండ కొనేటప్పుడు మా అమ్మ తట్టినట్టు వేలి కణుపుతో అడుగంతా తట్టుకుంటూ పోయాను. పై నాలుగూ మంచి పని. అతుకు వేసిన చోటు కూడా ఖంగుమంది.

దొంతరలకు అడుగున ఉన్న రెండింటికీ పగుళ్లు అలాగే ఉన్నాయి. చేయి పడలేదు.

మరిది మాట్లాడబోతే నర్సమ్మ చేత్తో ఆపింది. సూర్యారావుగారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఫైబర్ అతికే రెజిన్ అయిపోయిందండీ. అరువు మీద తెచ్చిన సరుకు, ఎన్నాళ్లని తెస్తాను? డబ్బు రాగానే ఈ రెండూ చేసేద్దామనుకున్నా. మొత్తానికి మాటైంది కదా అని మొత్తానికి బిల్లు రాశాను. మోసం చేయాలని కాదు."

నేను నమ్మాను. మోసగాడైతే రంగు పూసేవాడు. పైగా మొదటి రోజే తిరగేసి చూడమన్నది ఆయనే. నేను వినలేదు.

వరండాలో

రెండో రిపోర్టులో బాగుచేసిన పడవకు తొమ్మిది వేలు, పగిలినదానికి నాలుగున్నర వేలు రాశాను. ఒడ్డు దాకా లారీ కిరాయి, పడవకు ఐదు వందల చొప్పున, తీసేసిన లెక్క. మొత్తం నలభై ఐదు వేలు. ధర ఎక్కడ, ఎవరిని అడిగి తెలుసుకున్నానో రాశాను. రెండు పడవలకు మరమ్మతు జరగలేదని రాశాను. మొదటి రిపోర్టు ఎందుకు తప్పో కూడా ఒక పేరా రాశాను. ఆ పేరా రాయడానికి మిగతా రిపోర్టంతటికన్నా ఎక్కువ సమయం పట్టింది.

సెలవులకు ముందు ఆఖరి వారంలో విచారణ జరిగింది. చెమట పెట్టిన వస్తువు మీదే లీన్ కాబట్టి, చేయి పడని రెండు పడవలూ వెంటనే సంఘానికి ఇవ్వాలన్నారు జడ్జిగారు. షెడ్డు కిరాయి సంగతి వచ్చింది. ఎప్పుడో పరాయి దేశంలో ఒక ఓడ తగాదాలో వచ్చిన తీర్పును సంఘం వకీలు చదివాడు. తన బాకీ కోసం తానే ఆపుకున్న సరుకుకు, ఆపుకున్న చోటు కిరాయి యజమాని మీద వేయడానికి లేదు. ఆరు వేలూ పోయాయి. నాలుగు పడవల కూలి పదహారు వేలు, బయానా పోను పన్నెండు వేలు మిగిలింది. సంఘం కడితే నాలుగు పడవలూ వదలాలి, కట్టకపోతే సెలవుల తర్వాత నా ధర కనీస ధరగా హర్రాజు, అంటే వేలం.

న్యాయంగానే ఉంది. కానీ నర్సమ్మ చేతికి వచ్చినవి రెండు ఓటి పడవలు. మృగశిరకు ఐదారు వారాలే ఉన్నాయి. పన్నెండు వేలు ఆమె దగ్గర లేవు.

వరండాలో సూర్యారావుగారి పక్కన కూర్చున్నాను. నన్నెవరూ కూర్చోమనలేదు. కోర్టు నాకిచ్చిన పని అయిపోయింది. ఇది మా నాయన కొట్టు పని.

"పన్నెండు వేల బాకీకి ముప్పై ఆరు వేల సరుకు మీద కూసున్నరు. రెండు పడవలు చాలు గదా, పద్దెనిమిది వేలైతయ్. ఇంకో రెండు నీళ్ల మీదికి ఇడిస్తే మీ బాకీ అవే తెస్తయ్."

"తేకపోతే?"

"మీ దగ్గరున్న రెండు అమ్మినా బాకీ తీరుతది. ధర రాసి ఉన్నది."

"రాసింది మీరే కదండీ?"

"నేనే."

"పోయినసారి రాసిందీ మీరేగా."

దానికి జవాబు మెట్ల మీదున్న నర్సమ్మ చెప్పింది. "అయ్యా, ఈన మాట నమ్మకు. నేను గూడ నమ్మ. సింగూరుకు రా, ఏ రేవులనన్న అడుగు. తొమ్మిదికి తక్కువ జెప్తే నాలుగు పడవలు నీ తాననే పెట్టుకో."

ఆయన నిజంగానే మర్నాడు సింగూరు పోయాడు. పోయినవాడు ధర అడిగి ఊరుకోలేదు. చొక్కా విప్పి ఎవరిదో పడవెక్కి, తెడ్డు పట్టుకుని, చీకటి పడేదాకా ఒడ్డుకు రాలేదట. "గోదారోడు దిగలే సేటూ. బువ్వకు పిలిస్తే గూడ రాలే" అని నర్సమ్మ తర్వాత చెప్పింది. ఆ వారంలోనే రెండు మంచి పడవలు షెడ్డు దాటాయి. ఓటి పడవలు రెండూ అక్కడే బాగుచేయించుకోవడానికి వాళ్లిద్దరూ వేరే బేరం కుదుర్చుకున్నారు. అందులో నన్ను వేలు పెట్టనివ్వలేదు.

మృగశిర నాడు పటాన్‌చెరు బజారుకు పోయాను. నర్సమ్మ గంపల చుట్టూ కాలు పెట్టే సందు లేదు. కిలో నలభై ఐదంది. నలభైకి అడిగాను. ఇంత చేసినవాణ్ణి కదా అని ఒక ఆశ.

"కోర్టుల ధర నువ్వు గట్టినవ్. గీడ ధర నేను గడ్త. జరుగు, ఎనక మందున్నరు."

నలభై ఐదే ఇచ్చాను. ఆ ధర సరైనదే. నా వెనుక ఉన్నవాళ్లు అడగకుండా తీసుకున్నారు.

లెక్క

ఇరవై ఏళ్లకు పైగా చేసిన ఈ పనిలో ఏ ఫ్యాక్టరీ హర్రాజుకూ ఇంత పూర్తిగా లెక్క చూసుకోలేదు. ఈ ఒక్కదానికి చూసుకున్నాను.

సూర్యారావుగారు రాసిన మొత్తం బిల్లు ముప్పై వేలు. ఆయనకు అందింది: బయానా నాలుగు వేలు, రాఖీ పున్నమి లోపు మూడు విడతలుగా పన్నెండు వేలు, ఓటి పడవలు బాగుచేసినందుకు ఏడు వేలు. మొత్తం ఇరవై మూడు వేలు. పోయిన ఏడు వేలలో ఆరు వేలు రాకూడని కిరాయి, వెయ్యి ఓటి పడవల కూలి మీద నర్సమ్మ బేరం. వకీలు ఫీజు ఎవరిది వాళ్లది.

సంఘం కట్టింది ఆ ఇరవై మూడు వేలే. ఆరు పడవలూ ఇంటికి చేరాయి. నా మొదటి రిపోర్టు నిలబడి ఉంటే ఆరూ పోయి, పైన వేలకు వేలు బాకీ మిగిలేది.

ఇక నాది. రెండు రిపోర్టులకు కలిపి కోర్టు ఇచ్చిన ఫీజు ఐదు వందలు. హర్రాజు జరగలేదు కాబట్టి అమ్మకం మీద వచ్చే కమిషన్ లేదు. లారీ రెండు వందల యాభై, ధర్మకాంటా ఇరవై, బస్సులు అరవై నాలుగు, రెండు కిలోల చేపలు తొంభై.

మిగిలింది డెబ్బై ఆరు రూపాయలు.